కథ తెలియకుండానే పదికి పది: మూడేళ్ళు వాడిన ఇంగ్లీషు వర్క్‌బుక్ సెట్టు గురించి

ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా క్లాసుకో పుస్తకం చొప్పున వచ్చే ఇంగ్లీషు ప్రాక్టీస్ వర్క్‌బుక్ సెట్టు ఒకటి మా ఇంట్లో మూడేళ్ళుగా నలుగుతోంది. కాంప్రహెన్షన్, వొకాబులరీ, గ్రామర్ మూడూ కలిపి ఉంటాయి, వెనక ఆన్సర్ కీ. చిన్న పిల్లలున్న ఇళ్ళలో ఏదో ఒక కంపెనీది ఇలాంటి సెట్టు ఉండే ఉంటుంది కాబట్టి పేజీలెన్ని, కాగితం మందమెంత, బొమ్మలు రంగుల్లో ఉన్నాయా లాంటివి వదిలేస్తున్నా. పేరు కూడా చెప్పను. నేను తిట్టబోయేది ఈ ఒక్క కంపెనీ చేసే పని కాదు, షాపులో పక్కనే పేర్చి ఉన్న మిగతావి కూడా తిరగేసి చూశాను, అన్నిటిదీ అదే తంతు.

నా మంటంతా కాంప్రహెన్షన్ ప్రశ్నల మీదే.

మాది తెనాలి. జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్ళినప్పుడు సెట్టు మొత్తం కొన్నాం. అప్పుడు మా పెద్దమ్మాయి రెండో తరగతి, ప్రైవేటు ఇంగ్లీషు మీడియం. చిన్నోడు ఆ తర్వాత సర్కారు బడిలో చేరాడు. నేను చదివిందంతా తెలుగు మీడియమే, డిగ్రీలో ఇంగ్లీషుతో కుస్తీ పట్టి బయటపడ్డాను, ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలకి ట్యూషన్ చెప్తాను. ఈ సెట్టు మా పిల్లలిద్దరితో పాటు ట్యూషన్‌లో కూడా వాడాను.

మొదటి ఏడాది దీన్ని నేను తెగ మెచ్చుకున్నాను. పక్కింటి వదినతో, మా ఆడపడుచుతో, బడి దగ్గర పిల్లల కోసం నిలబడే అమ్మలందరితో కొనమని చెప్పాను. రోజుకో పేజీ, పిల్ల తనంతట తనే కూర్చుని చేసుకుంటోంది, స్పెల్లింగ్ తప్పులు తగ్గాయి, చేతిరాత కుదిరింది. ఇవన్నీ నిజమే, ఇప్పటికీ కాదనను. కాకపోతే రోజూ పది లైన్లు చూచిరాత రాయించినా ఇవి వచ్చేవేమో అని ఈ మధ్య అనిపిస్తోంది.

అనుమానం మూడో తరగతి పుస్తకంలో మొదలైంది. ఒక పిల్లాడు ఎండాకాలంలో అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తాడు, ఎండిపోయిన బావి పక్కన ఒక మేక అరుస్తూ ఉంటుంది, వాడు తన సీసాలో నీళ్ళు చిప్పలో పోసి దాని ముందు పెడతాడు. అంతే పాసేజ్. కింద ఆరు ప్రశ్నలు. మా అమ్మాయి ఆరూ రాసేసింది, కీలో చూస్తే ఆరూ కరెక్ట్. నేను కూరగాయలు తరుగుతూ మామూలుగానే అడిగాను, "ఆ మేక ఎందుకు అరుస్తోందే?" అని. పిల్ల పుస్తకం వైపు చూసి, "బావి దగ్గర ఉంది కదమ్మా, అందుకు" అంది. మరి వాడు నీళ్ళెందుకు పోశాడు అంటే, "సీసా బరువైపోయిందేమో" అంది. దాహం వేసిందన్న ముక్క పాసేజ్‌లో ఎక్కడా లేదు, అది మనం పట్టుకోవాల్సింది. ఆ ఒక్కటీ పుస్తకం అడగలేదు. బావి ఎక్కడుంది, మేక రంగేంటి, పిల్లాడి పేరేంటి, వీటికే మార్కులు.

ఆ రాత్రి కుదురు లేక ఒక తెల్లకాగితం మీద నేనే ఒక పాసేజ్ తయారు చేశాను. సగం మాటలు నేను ఊరికే పెట్టినవి, అక్కడ వాటికి అర్థమే లేదు. "ద జిబ్బా వెంట్ టు ద టోకుల. హి బాట్ ఫైవ్ మిర్పూస్ ఫర్ హిజ్ లొంగి." ఇలా ఒక నాలుగు లైన్లు. కింద మన వర్క్‌బుక్ పద్ధతిలోనే ప్రశ్నలు: జిబ్బా ఎక్కడికి వెళ్ళాడు, ఏం కొన్నాడు, ఎవరి కోసం కొన్నాడు. మర్నాడు బడి నుంచి రాగానే పాలు తాగుతుంటే ముందు పెట్టాను. పిల్ల ఒక చేత్తో గ్లాసు పట్టుకునే టకటకా రాసేసింది. పూర్తి వాక్యాలు, మొదట పెద్ద అక్షరం, చివర ఫుల్‌స్టాప్. అన్నీ కరెక్టే! కాగితం నా చేతికిచ్చాక అప్పుడు అడిగింది, "అమ్మా, మిర్పూస్ అంటే తినేవా?" అని.

నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది.

అదే కాగితం ట్యూషన్‌లో ఇచ్చాను. నాలుగు, ఐదు చదివేవాళ్ళు ఒక్కరు కూడా తలెత్తలేదు, రాసిచ్చి టిక్కు కోసం నిలబడ్డారు. ఒక్కడే, ఒకటో తరగతి వాడు, అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు, పెన్సిల్ ముట్టుకోకుండా "జిబ్బా ఎవరు ఆంటీ?" అని అడిగాడు. బడిలో వాడికి ఇంగ్లీషులో ఎప్పుడూ తక్కువ మార్కులే. వాళ్ళమ్మ రోజూ నా దగ్గర బాధపడుతుంది, వీడు స్లో అని. ఆ రోజు ఆవిడకి ఈ కాగితం చూపించి వివరించబోయాను గానీ, "అయితే మార్కులు ఎప్పుడొస్తాయండీ?" అన్న దగ్గరే ఆగిపోయింది. ఆవిడ తప్పేం లేదు, బడిలో పరీక్ష కూడా ఇదే రకం ప్రశ్నలతో ఉంటుంది.

పిల్లలు పట్టేసిన కిటుకు చాలా తేలిక. ప్రశ్నలో ఉన్న మాటలు పాసేజ్‌లో ఎక్కడున్నాయో వెతుకు, ఆ లైన్ ఎత్తి రాసెయ్. 'హూ' అంటే పెద్ద అక్షరంతో మొదలయ్యే పేరు, 'వెన్' అంటే వారం పేరో నంబరో, 'వేర్' అంటే 'టు'నో 'ఇన్'నో పక్కన ఉన్న మాట. పైగా ఈ పుస్తకాల్లో ప్రశ్నలు పాసేజ్ వరసలోనే వస్తాయి, మొదటి ప్రశ్న మొదటి పేరాలో, చివరిది చివరి పేరాలో. 'వై' అని అడిగిన చోట కూడా పాసేజ్‌లో 'బికాజ్' తగిలించి ఉంచుతారు, వెతుక్కోవడం కూడా అక్కర్లేదు.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ అసర్ సర్వే సంగతి వినే ఉంటారు, 2005 నుంచి ఊళ్ళల్లో ఇళ్ళకు వెళ్ళి పిల్లల చదువు చూసేది. ఇంగ్లీషు పెట్టిన సంవత్సరాల్లో వాళ్ళు పిల్లతో మాటలో, చిన్న వాక్యాలో చదివించి ఊరుకోరు, దాని అర్థం నీ భాషలో చెప్పు అంటారు. చదవగలిగినవాళ్ళు ఎంతమంది, అర్థం చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది అని విడివిడిగా లెక్క వేస్తారు. దానికి పిల్ల రాయాల్సింది కూడా ఏమీ లేదు. డబ్బు పోసి కొన్న పుస్తకంలో మాత్రం ఐదు క్లాసులకీ కలిపి ఎక్కడా "ఇది మీ ఇంట్లో వాళ్ళకి మీ భాషలో చెప్పండి" అన్న లైన్ ఒక్కటి లేదు. బహుశా వేరే రాష్ట్రాల్లో కూడా అదే పుస్తకం అమ్మాలి కాబట్టి ఏ భాషా గుర్తు రాకూడదేమో.

గ్రామర్ పేజీలకీ ఇదే జబ్బు, కాకపోతే అంత ఒళ్ళు మండదు. పైన హెడ్డింగ్‌లోనే ఏం నింపాలో చెప్పేస్తారు. 'ప్రెజెంట్ కంటిన్యుయస్' అని ఉంటే పిల్లలు వాక్యం చూడరు, బ్రాకెట్‌లో ఉన్న క్రియకి 'ఐఎన్‌జీ' తగిలించుకుంటూ కిందికి దిగిపోతారు. మూడు పేజీల్లోంచి కలిపి కొన్ని వాక్యాలు ఏరి, హెడ్డింగ్ లేకుండా నోట్‌బుక్‌లో రాసిస్తే అదే పిల్లలు తడబడ్డారు. "రోజూ" అన్న చోటా "ఇప్పుడు" అన్న చోటా ఒకటే రాశారు. 'ఎ', 'ఆన్' సంగతైతే పుస్తకమే తప్పుదారి పట్టించింది. ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు 'ఆన్' పెట్టమని డబ్బాలో కట్టి మరీ రాశారు. దాంతో మా అమ్మాయి బడి నోట్‌బుక్‌లో 'ఆన్ యూనిఫామ్' అని రాసుకొచ్చింది, 'ఎ అవర్' అని కూడా. చూడాల్సింది అక్షరం కాదు, నోటితో పలికే శబ్దం. 'యూనిఫామ్' అని పలికితే మొదట వచ్చేది 'య' శబ్దం, అందుకని 'ఎ'. 'అవర్'లో 'హెచ్' పలకదు, అందుకని 'ఆన్'. నోటితో పైకి అనిపించి చూపిస్తే రెండు నిమిషాల్లో అర్థమైపోయింది. నాలుగో తరగతి పుస్తకంలో కూడా ఆ డబ్బా మళ్ళీ అలాగే ఉంది.

వొకాబులరీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అపోజిట్స్, వర్డ్ సెర్చ్, బొమ్మకి పేరు. టైమ్‌పాస్ బాగా అవుతుంది.

ఇన్ని తిట్టాక ఒకటి మాత్రం మెచ్చుకోకపోతే అన్యాయం. యూనిట్ చివర, చాలామంది దాటేసే చోట, ఒక చిన్న ఎక్సర్‌సైజ్ ఉంటుంది: కథలోని ఐదారు వాక్యాలు అటూ ఇటూ కలిపేసి ఇస్తారు, పక్కన గడుల్లో వరస నంబర్లు వేయాలి. మొదట్లో నేనూ దీన్ని పట్టించుకోలేదు, రాసే పని తక్కువ కదా అని. ఒకరోజు కరెంటు పోయి ట్యూషన్ పిల్లలంతా వసారాలో కూర్చుంటే, రాయించడానికి వెలుతురు లేక ఇది పైకి చదివి వినిపించాను. కుక్క గేటు దాటి పారిపోవడం, పిల్లలు వెతకడం, మిఠాయి కొట్టు దగ్గర దొరకడం, "సో షి షట్ ద గేట్" అన్న వాక్యం. ఈ గేటు వేయడం ముందా చివరా అని గొడవ మొదలైంది. ముందే వేస్తే కుక్క ఎలా పోతుంది అని ఒకడు, 'సో' ఉంది కదా దానికి ముందు ఏదో జరిగి ఉండాలి అని మా పెద్దమ్మాయి, 'షి' అంటే ఎవరు, కుక్కా అమ్మాయా అని ఇంకొకడు. వాళ్ళు కొట్టుకున్నది తెలుగులోనే, కానీ ప్రతి ఒక్కరూ మళ్ళీ మళ్ళీ ఆ ఇంగ్లీషు వాక్యం దగ్గరకే వెళ్ళి చూపించాల్సి వచ్చింది. ఎత్తి రాయడానికి అక్కడ దారే లేదు. 'బట్', 'దెన్', 'సో' లాంటి బుల్లి మాటలు ఎందుకున్నాయో వాళ్ళకి అప్పుడు పట్టింది. మూడేళ్ళలో ఈ సెట్టు నాకు నిజంగా పనికొచ్చింది ఈ అరపేజీలే. మూడో తరగతి పుస్తకంలో ప్రతి యూనిట్‌కీ ఉన్నాయి, నాలుగులో తగ్గాయి, ఐదులో దాదాపు లేవు, వాటి బదులు లెటర్ రైటింగ్ నమూనాలు పెట్టారు.

చిన్నోడి సంగతి కొంచెం వేరు. వాడి బడిలో ఇచ్చేవి ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు, ఆంధ్రాలో 2020-21 నుంచి వచ్చినవి, మిర్రర్ ఇమేజ్ పుస్తకాలంటారు. లెక్కలూ పరిసరాల విజ్ఞానమూ అలా చదవడం అలవాటై, వాడు ఈ వర్క్‌బుక్ పాసేజ్ ఇచ్చినా ముందు "ఇందులో ఏమైందమ్మా" అని తెలుగులో చెప్పించుకుని గానీ పెన్సిల్ పట్టడు. అక్క కంటే నెమ్మది, స్పెల్లింగ్ ఘోరం, కానీ కథేంటో వాడికి తెలుసు. అలాగని ఆ పుస్తకాలు మహత్తరమని కూడా అనలేను, ఎవరూ పక్కన లేకపోతే వాడి కళ్ళు తెలుగు పేజీ మీదే ఉంటాయి, ఇంగ్లీషు పక్క కొత్తగా తళతళలాడుతూ ఉంటుంది.

ఇప్పుడు నేను ఈ సెట్టు ఎలా వాడుతున్నానంటే, పాసేజ్ చదివించి పుస్తకం మూసేయిస్తాను. తెలుగులో కథ చెప్పమంటాను. తర్వాత పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి వాళ్ళనే అడగమంటాను, ఎందుకు అని మొదలయ్యేది, జవాబు ఒకే లైన్లో దొరకనిది. అచ్చేసిన ప్రశ్నలు ఆ తర్వాతే, ఓపిక ఉంటే. ఆన్సర్ కీ నా దగ్గరే పెట్టుకున్నాను, పిల్లలు దిద్దుకోవడానికి ఇవ్వను. ఏదో జవాబులో మేకకి దాహం వేసింది అని సొంతంగా రాసిన పిల్ల కూడా, కీలో లేదని తనే కొట్టేసుకుని పుస్తకంలో లైన్ రాసుకుంది ఒకసారి. పాసేజ్‌లు చాలనప్పుడు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్‌లో చూస్తాను, ఉచితం, నాలుగు లెవెల్స్ ఉంటాయి, చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండిట్లోనూ దొరుకుతాయి. ఫోన్ చేతికిస్తే పది నిమిషాల్లో ఇంకెక్కడో తేలతారన్నదే దానితో నాకున్న టెన్షన్, అందుకని నేనే పట్టుకుని చదివిస్తాను.

కొనాలా వద్దా అంటే నా లెక్క నాది. నేను సాయంత్రాలు ఇంట్లో ఉంటాను, పిల్లల పక్కన కూర్చునే వీలుంది, కాబట్టి ఈ పుస్తకాన్ని వంచి వాడుకోగలుగుతున్నాను. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో, పిల్లని కాసేపు బుద్ధిగా కూర్చోబెట్టడానికైతే ఇది పనిచేస్తుంది, బడి పరీక్షలో మార్కులకీ పనిచేస్తుంది, దానికి మించి ఆశించకండి. ఒక్కటే కొంటామంటే మూడో తరగతిది కొనండి, సెట్టు మొత్తం వద్దు. మా ఐదో తరగతి పుస్తకం వొకాబులరీ పేజీలు తప్ప ఖాళీగానే ఉంది. పక్కింటి వదిన వాళ్ళ పాప కోసం అడిగితే ఇచ్చేశాను, కీ మాత్రం చింపి ఇచ్చాను.