రోవర్ బాగుంది, ‘మిలిటరీ గ్రేడ్’ కబుర్లే బాగాలేవు

పొలాలు కొలవడానికి చైన్ వదిలి డ్యూయల్ ఫ్రీక్వెన్సీ రోవర్ (ఉపగ్రహాల సిగ్నల్‌ని రెండు ఫ్రీక్వెన్సీల మీద అందుకుని చోటు కొలిచే పరికరం) పట్టుకుని ఒక పంట కాలం దాటింది. వస్తువుకి వంక పెట్టను. దాన్ని అమ్మే తీరుకే నా అభ్యంతరం. బ్రోచర్‌లోనూ, అమ్మినాయన నోటా ఒకటే పాట: ‘మిలిటరీ గ్రేడ్ యాక్యురసీ సార్!’

మిలిటరీ సిగ్నల్ మనకెక్కడిదండీ? జీపీఎస్‌లో అమెరికా సైన్యం వాడే పి-వై కోడ్, ఎం-కోడ్ రెండూ తాళం వేసినవే. మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌లో కూడా రిస్ట్రిక్టెడ్ సర్వీస్ అని వేరే ఉంది, అదీ మనకు రాదు. 2000 మే దాకా జీపీఎస్‌లో పౌరుల సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టేవారు, తప్పు నూరు మీటర్ల దాకా పోయేది. అది ఎత్తేశాక సైన్యానికి మిగిలిన పెద్ద లాభం, శత్రువు జామ్ చేసినా దొంగ సిగ్నల్ వదిలినా తట్టుకోవడం. గట్టు తగాదాలో మనకు దాంతో పనేముంది?

రోవర్‌కి సెంటీమీటర్లు వచ్చేది వేరే దారిన. కోడ్‌కి తాళం ఉంటుంది గానీ దాన్ని మోసే రేడియో అలకు ఉండదు. జీపీఎస్ ప్రధాన ఫ్రీక్వెన్సీ ఎల్1, దాని అల పొడవు 19 సెంటీమీటర్లు. రోవర్ ఆ అలలో కూడా భాగాలు కొలుస్తుంది, బేస్ (తెలిసిన చోట కదలకుండా ఉంచిన రిసీవర్) నుంచి వచ్చే కరెక్షన్ కలుపుకుని లెక్క తేలుస్తుంది. తేలిందంటే స్క్రీన్ మీద ‘ఫ్లోట్’ పోయి ‘ఫిక్స్’ పడుతుంది. అప్పుడు రెండు మూడు సెంటీమీటర్లలో చుక్క పెట్టొచ్చు.

“ఫోన్లో యాప్ ఉందిగా, దాంతో కొలిస్తే చాలదా సార్?” అని రైతులు అడుగుతూనే ఉంటారు. ఆరుబయట మంచి ఫోన్ కూడా మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. నూరు మీటర్ల గట్టు మూడు మీటర్లు జరిగిందనుకోండి, ఏడు సెంట్లు పైనే పోతుంది. ఆ మాట చెప్పగానే ఫోన్ జేబులోకి వెళ్లిపోతుంది.

ఇక లోపాలు. గుబురు మామిడితోటలో ఫిక్స్ కోసం నిలబడితే కాళ్లు పీకుతాయి. వచ్చిన ఫిక్స్‌నీ నమ్మను, కాసేపాగి అదే రాయి మీద మళ్లీ పెట్టి చూస్తాను. కరెక్షన్ ఇంటర్నెట్ మీద వస్తుంది కాబట్టి సిమ్‌కి టవర్ అందని చోట సొంత బేస్ ఉండాల్సిందే. పొద్దుగూకాక పని పెట్టుకోను. మన ప్రాంతంలో అయానోస్ఫియర్ (సిగ్నల్ దాటి రావాల్సిన పై వాతావరణపు విద్యుత్ పొర) అల్లరి రాత్రి తొలి జాములోనే ఎక్కువ, మార్చి, సెప్టెంబర్ నెలల్లో మరీనూ. రెండు ఫ్రీక్వెన్సీలున్నా అలలు తెగిపోతే అదేం చేస్తుంది!

కొనేముందు ఎల్5 (ఇంకో ఫ్రీక్వెన్సీ), నావిక్ సిగ్నళ్లు పడతాయా అని అడగండి. తోటలో పెట్టి చూపించమనండి. షాపు ముందు రోడ్డు మీద అన్నీ ఫిక్స్ అవుతాయి.