గంగోత్రి వెళ్తే బస ఎక్కడ చేయాలి?

నాలుగు ధామాలూ ఒకే ఊపులో తిప్పే ప్యాకేజీల్లో గంగోత్రికి దక్కేది ఒక్క పూటే. ఉత్తరకాశీలో చీకటితోనే లేపి, రానూపోనూ 200 కిలోమీటర్ల కొండదారి తిప్పి, రాత్రికి మళ్లీ అక్కడే దింపుతారు. అమ్మానాన్నలతో అలాంటి ప్రయాణం వద్దనుకున్నాం. ఈసారికి గంగమ్మ ఒక్కతే చాలనుకుని, హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానంలో వెళ్లి అక్కడ కారు మాట్లాడుకున్నాం. రైలైతే ఢిల్లీ మీదుగా హరిద్వార్ చేరాలి. ఆ బడలిక తీరకుండా కొండెక్కడం పెద్దవాళ్లకు కష్టం. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ముందే చేసుకుని, ప్రింటు దగ్గర ఉంచుకోండి.

మొదటి మజిలీ ఉత్తరకాశీ. విశ్వనాథుడి దర్శనం, మందుల దుకాణాలు, ఏటీఎంలు అన్నీ ఇక్కడే చూసుకోవాలి.

బసకు మాత్రం నా ఓటు హర్షిల్‌కే. గంగోత్రికి 25 కిలోమీటర్లు ముందు, దేవదారు చెట్ల మధ్య, భాగీరథి (ఇక్కడ గంగను పిలిచే పేరు) ఒడ్డున ఉన్న ఊరు. గంగోత్రి 10,000 అడుగుల పైన ఉంటుంది. హర్షిల్ అంతకంటే దిగువన ఉండటంతో నాన్నకు ఊపిరి తేలిగ్గా ఆడింది, నిద్ర పట్టింది. మేము దిగిన గది సాదాసీదాదే అయినా శుభ్రంగా ఉంది. అడిగినప్పుడల్లా బకెట్లతో వేణ్నీళ్లు తెచ్చిచ్చారు. హర్షిల్ రాజ్మాకు ఎంత పేరుందో తిన్నాక తెలిసింది. అన్నమే ఆ ఎత్తులో కాస్త పలుకుగా ఉంటుంది, మెత్తగా కావాలంటే ముందే చెప్పాలి. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి అమ్మకు రెండు పూటలా ఆదుకుంది. గంగోత్రిలో గుడి దగ్గర చూసిన గదులు ఇరుకుగా, చెమ్మగా ఉన్నాయి. తెల్లవారుజామున హారతి తప్పకూడదనుకునేవారికే అవి సరిపోతాయి.

హర్షిల్ దాటగానే ధరాలీ. 2025 ఆగస్టు 5న ఖీర్‌గాడ్ వాగు ఒక్కసారిగా విరుచుకుపడి ముంచేసిన ఊరు ఇదే. అక్కడ కారు ఆపించి అందరం దండం పెట్టుకున్నాం. వానాకాలంలో ఈ దారి ఎవరూ పెట్టుకోవద్దు. మేము వెళ్లిన అక్టోబరులో ఆకాశం నిర్మలంగా ఉంది, జనమూ పలుచగానే ఉన్నారు.

గంగోత్రిలో తెల్లరాతి గుడి చిన్నది. 19వ శతాబ్దం తొలినాళ్లలో గూర్ఖా సేనాని అమర్ సింగ్ థాపా కట్టించాడు. తిరుమలలో గంటలకొద్దీ కంపార్ట్‌మెంట్లలో కూర్చునే మనకు, ఇక్కడ తల్లి ముందు తీరిగ్గా నిలబడటమే పెద్ద వరం. పక్కనే భగీరథుడు తపస్సు చేశాడని చెప్పే శిల ఉంది. అక్కడ నాన్న తాతయ్యకూ నానమ్మకూ పిండప్రదానం చేశారు. పురోహితుడు హిందీలో నెమ్మదిగా చెప్పి చేయించాడు, ఇచ్చిన దక్షిణ పుచ్చుకున్నాడు. నీళ్లలో పాదం పెడితే క్షణం నిలవదు. మునగాలని పట్టుబట్టకుండా పెద్దవాళ్లు ఒడ్డునే చెంబుతో తలపై పోసుకుంటే చాలు. భాగీరథి రాతిలోకి దూకే సూర్యకుండం కాస్త దిగువనే ఉంది, దాన్ని చూడకుండా రావద్దు. మంచుకొండ నుంచి గంగ పుట్టే గోముఖం సంగతి వేరు: 18 కిలోమీటర్ల నడక, అటవీశాఖ అనుమతి కావాలి.

దీపావళి మరునాడు గుడి మూసి, అమ్మవారి ఉత్సవమూర్తిని హర్షిల్ దగ్గరి ముఖ్బాకు తీసుకెళ్తారు. గంగోత్రి పూజారులైన సేమ్వాల్‌లది ఆ ఊరే. మళ్లీ అక్షయ తృతీయకు గంగోత్రి తలుపులు తెరిచేదాకా పూజలన్నీ అక్కడే. చలికాలంలో తప్ప సెలవు దొరకనివారు ముఖ్బాకే వెళ్లి దర్శించుకోవచ్చు.