ఒంటికొమ్ము జంతువు కోసం: ఢిల్లీ, లోథల్, ధోలావీరా

సింధు నాగరికత ముద్రల మీద ఏనుగు ఉంది, పులి ఉంది, ఖడ్గమృగం ఉంది, గంగడోలు వేలాడే మూపురం ఎద్దు ఉంది. వీటన్నిటినీ వెనక్కి నెట్టి సగానికి పైగా ముద్రల్ని ఆక్రమించిన జంతువు మాత్రం ఈ నేల మీద ఎప్పుడూ తిరగలేదు. దానిది ఎద్దు ఒళ్లు, నిక్కిన మెడ, నుదుటి నుంచి ముందుకు వంపు తిరిగిన ఒకే కొమ్ము. క్రీ.పూ. 2600 ప్రాంతంలో మొదలై, 1900 ప్రాంతంలో లిపితో పాటే మాయమైంది. ఊహలో పుట్టిన ఈ జంతువును అన్ని వందల ఏళ్లు, అన్ని ఊళ్లలో ఒకే తీరున చెక్కుకున్న సమాజం ఎలాంటిదో చూడాలని బయల్దేరేవాళ్లు చాలామంది నేరుగా గుజరాత్‌లో ఆ నాగరికత ఊరి శిథిలాలున్న ధోలావీరా వెళ్లి, ‘రాళ్లు తప్ప ఏమీ లేదు’ అనుకుంటూ తిరిగొస్తారు. వెళ్లిన వరసలోనే తేడా ఉంది. ముందు ఢిల్లీలో ముద్రను చూడాలి, తర్వాత గుజరాత్‌లోనే ఉన్న మరో తవ్వకాల చోటు లోథల్‌లో ఆ ముద్ర చేసిన పని చూడాలి, ఊరు చూడటం ఆఖరున.

ఢిల్లీ జాతీయ మ్యూజియం జన్‌పథ్ రోడ్డు మీద ఉంది. సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో నుంచి నడిచి వెళ్లొచ్చు. సోమవారం సెలవు. ఇక్కడి సేకరణను నార్త్, సౌత్ బ్లాకుల్లో రాబోయే కొత్త మ్యూజియానికి తరలించే ఆలోచన ఉంది కాబట్టి హరప్పా గ్యాలరీ తెరిచే ఉందో లేదో బయల్దేరే ముందే కనుక్కోవడం మంచిది. గ్యాలరీలో జనమంతా మొహెంజొదారో నాట్యకత్తె కంచుబొమ్మ దగ్గర గుమిగూడతారు. ముద్రల అద్దాల దగ్గర తోపులాట ఉండదు. కనీసం గంట సమయం ముద్రలకే ఉంచుకోవాలి.

ముద్రలు చాలా చిన్నవి. ఎక్కువ వాటి భుజం రెండున్నర, మూడు సెంటీమీటర్లకు మించదు. అద్దం మీద లైట్ల మెరుపు పడుతుంది, ఫ్లాష్ వాడనివ్వరు. జేబులో చిన్న భూతద్దం ఉంటే ప్రాణం లేచొస్తుంది. చూడాల్సినవి ఇవీ: కొమ్ము మీద అడ్డగీతలు, మెడ మీద మడతలు (కొందరు హారాలంటారు), భుజం మీద రావి ఆకులాంటి ఆకారం, మూతి కింద నిలబెట్టిన వింత వస్తువు. ఆ వస్తువు చూడటానికి మన దీపపు సెమ్మెలా ఉంటుంది. సన్నటి కాడ మీద కింద గిన్నె, పైన గళ్ల డబ్బా. ధూపపాత్ర అని మొహెంజొదారో తవ్వకాలు నడిపించిన జాన్ మార్షల్, సోమరసం వడగట్టే జల్లెడ అని సింధు లిపి పరిశోధకుడు ఐరావతం మహదేవన్ అన్నారు. ఏదీ తేలలేదు. కానీ ఈ వస్తువూ ఒంటికొమ్ము జంతువూ జంటగానే బతికాయి. మొహెంజొదారోలో దొరికిన మట్టి పలకల మీద మనుషులు వరసగా నడుస్తూ ఒకరు ఈ సెమ్మెను, ఇంకొకరు ఒంటికొమ్ము జంతువు బొమ్మను కర్రల మీద ఎత్తి మోస్తుంటారు. అంటే ఆ జంతువు ముద్ర మీదే కాదు, వీధిలోనూ ఊరేగింది. మట్టితో చేసిన ఒంటికొమ్ము బొమ్మలు కొన్నింటికి పొట్ట కింద రంధ్రం ఉండటం ఈ ఊరేగింపు మాటకు తోడు నిలుస్తుంది.

‘పక్కనుంచి గీశారు కాబట్టి రెండో కొమ్ము దాగింది’ అనే వాదన గైడ్ల నోట తరచూ వినిపిస్తుంది. నిలవదు. అదే చెక్కుడువాళ్లు మూపురం ఎద్దుకు రెండు కొమ్ములూ చక్కగా చూపించారు. పైగా ఆ మట్టిబొమ్మలకు నడినెత్తిన ఉన్నది ఒక్కటే. ఖడ్గమృగం అనడానికీ వీల్లేదు, దాన్ని విడిగా మడతల చర్మంతో చెక్కారు.

వీలైతే ముద్ర వెనక వైపు కూడా చూడండి. అక్కడ చిల్లు పడిన బొడిపె ఒకటి ఉంటుంది, దారం వేసి ఒంటి మీద కట్టుకోవడానికి. ముద్రలో ముందు విరిగేది అదే, అందుకే బొడిపె ఊడిన ముద్రలు అంత ఎక్కువ కనిపిస్తాయి. రాయి బలపం రాయి. గోటితో గీసినా గీత పడేంత మెత్తన. చెక్కడం అయ్యాక బట్టీలో కాలిస్తే గట్టిపడి తెల్లబడుతుంది.

లోథల్‌కు అహ్మదాబాద్‌లో ఉండి వెళ్లిరావడమే తెలివి. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ వెళ్లే రైలు అహ్మదాబాద్ మీదుగానే పోతుంది, హైదరాబాద్ నుంచి నేరు విమానాలూ ఉన్నాయి. నగరం నుంచి బగోదరా మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు. కారు మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ కిలోమీటర్లతో పాటు అక్కడ ఆగే సమయాన్ని కూడా ముందే కలిపి ఒప్పుకోవాలి. దిగాక తిరుగు బండి దొరకడం కష్టం. శుక్రవారం పెట్టుకోవద్దు, సైట్ మ్యూజియానికి సెలవు. మ్యూజియం మూసి ఉంటే లోథల్‌లో సగం పోయినట్టే. భోజనం హైవే మీదే ముగించుకోవాలి.

పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు బృందం 1955లో తవ్వకం మొదలుపెట్టింది. అందరూ ఫొటో తీసుకునేది ‘ఓడరేవు’ దగ్గర. 200 మీటర్లు దాటిన పొడవు, సుమారు 36 మీటర్ల వెడల్పు ఉన్న ఇటుకల తొట్టి అది. ఓడరేవేనా, చెరువా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఒంటికొమ్ము కోసం వచ్చినవాళ్లు దాన్ని పది నిమిషాల్లో చూసేసి పక్కనే ఉన్న గోదాము అరుగు దగ్గర నిలబడాలి. ఎత్తైన అరుగు మీద ఒకప్పుడు 64 ఇటుక దిమ్మెలు, ఇప్పుడు మిగిలినవి 12. ఈ గోదాము తగలబడింది. సరుకు మూటలు బూడిదయ్యాయి గానీ, వాటికి అతికించిన మట్టి ముద్దలు ఆ మంటకే కాలి గట్టిపడి మిగిలాయి. అరవైకి పైగా దొరికాయి. ముందు వైపు ముద్ర అచ్చు, వెనక వైపు తాడు ముడి, చాప అల్లిక, గుడ్డ నేత అచ్చులు. మూట కట్టి, ముడి మీద తడి మట్టి అద్ది, దాని మీద ముద్ర నొక్కితే మధ్యలో ఎవరు విప్పినా తెలిసిపోతుంది. ఒంటికొమ్ము ఒక వర్తక కులానికో వంశానికో గుర్తు అయి ఉండొచ్చన్న ఊహకు బలం ఇలాంటి చోట్ల నుంచే వస్తుంది. లిపి చదవలేకపోతున్నాం కాబట్టి అది ఊహగానే ఉంది.

ధోలావీరా కచ్ రణ్ అనే ఉప్పు ఎడారి మధ్య ఖదీర్ బేట్ అనే దీవి మీద ఉంది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. దారులు రెండు. రాపర్ మీదుగా పాత దారిలో భుజ్ నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. భుజ్ నుంచే ఖావడా మీదుగా రణ్‌ను చీల్చుకుంటూ పోయే కొత్త రోడ్డు మీద 140కి లోపు. రెండు వైపులా తెల్లటి ఉప్పు, నడుమ తిన్నటి తారు రోడ్డు. వాన ఏడాది ఎక్కువ కురిస్తే నవంబరు దాకా ఉప్పు బదులు నీళ్లే కనిపిస్తాయి. పెట్రోలు భుజ్‌లోనో రాపర్‌లోనో నిండా పోయించుకోవాలి. ఫొటో కోసం బండిని ఉప్పు మీదికి దించకండి. పైన పెంకు గట్టిగా కనిపిస్తుంది, కింద బురద ఉంటుంది. చక్రం దిగబడితే లాగడానికి ట్రాక్టరు రావాలి. అహ్మదాబాద్ నుంచి భుజ్‌కు 2024 సెప్టెంబరు నుంచి నమో భారత్ ర్యాపిడ్ రైలు నడుస్తోంది, ఆరు గంటల లోపు చేరుస్తుంది. అక్కడి నుంచి కారు.

బస విషయంలో ఒకటే మాట: ఒక రాత్రి ధోలావీరాలోనే పడుకోండి. భుజ్‌లో ఉండి వెళ్లిరావాలంటే సైట్‌కు చేరేది నడి మధ్యాహ్నం, నీడ దొరకని వేళ. ఊళ్లోనే గుజరాత్ టూరిజం వసతి ఉంది. గుండ్రటి భుంగా గుడిసెల తరహాలో కట్టిన గదులు, సైట్‌కు దగ్గర. హంగులు తక్కువ, పని జరిగిపోతుంది. సీజన్‌లో వెలిసే ప్రైవేటు గుడారాలు బాగుంటాయి గానీ రేటు అనేక రెట్లు. అందులో రెండు పూటల భోజనం కలిసిందో లేదో రాతపూర్వకంగా తీసుకోవాలి, ఎందుకంటే చీకటి పడ్డాక బయట హోటల్ అన్నది ఉండదు. సజ్జ రొట్టె, కిచిడీ, కఢీ, మజ్జిగ అన్నీ బాగుంటాయి. అన్నం, పప్పుచారు కావాలంటే పొద్దున్నే చెప్పాలి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు గుడారంలో ఒక దుప్పటి చాలదు. మార్చి దాటితే అసలు వెళ్లొద్దు.

సైట్‌కు పొద్దున తెరవగానే వెళ్లి మూడు గంటలు తిరగాలి. మొదట తూర్పు జలాశయం: 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, దాదాపు 10 మీటర్ల లోతు, కిందికి 30 మెట్లు. ఏటా కొన్ని నెలలే పారే మన్సర్, మన్హర్ వాగుల నీళ్లను మళ్లించి దాచుకున్న ఊరిది. తర్వాత కోట తూర్పు ద్వారం, అక్కడ నునుపు చేసిన రాతి స్తంభాల పీఠాలు. ఆపైన ఉత్తర ద్వారం. సింధు లిపిలో పది పెద్ద అక్షరాలున్న బోర్డు ఒకటి ఈ ద్వారం పక్క గదిలో దొరికింది. ఒక్కో గుర్తు సుమారు 37 సెంటీమీటర్లు, జిప్సం ముక్కలు పేర్చి చేసినవి. చాలామంది నిరాశపడేది ఇక్కడే: అసలుది రక్షణ కోసం కప్పేశారు, కళ్లకు ఏమీ కనిపించదు. ద్వారం దిగితే 280 మీటర్ల పొడవైన మైదానం. అక్కడ ఏం జరిగేదో రాసి పెట్టినవాళ్లు లేరు. మొహెంజొదారో పలకల మీది ఊరేగింపు గుర్తున్నవాళ్లు మాత్రం ఇక్కడ కాసేపు ఆగుతారు.

స్థానిక గైడ్‌ను పెట్టుకోవడం దండగ కాదు. తవ్వకాల్లో కూలికి వెళ్లిన ఊరివాళ్లకు ఏ గోడ ఎప్పుడు బయటపడిందో తెలుసు. నమ్మకాల గురించి చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. మహాభారతంలో ఏకశృంగ వరాహం, తల మీద కొమ్ముతో పుట్టిన ఋష్యశృంగుడు, ఈ ముద్ర జంతువు అన్నీ ఒకటే అని తేల్చేస్తారు. వినడానికి బాగుంటుంది. ముద్రలకూ ఆ కథలకూ మధ్యలో వెయ్యేళ్లకు పైగా ఖాళీ ఉంది.

ఇక కొనుగోళ్లు. అహ్మదాబాద్, భుజ్ దుకాణాల్లో, మ్యూజియం కౌంటర్లలో ముద్రల నకళ్లు అమ్ముతారు. అసలు ముద్రల్లో దాదాపు అన్నిటిలోనూ జంతువు ఎడమకు చూస్తుంది, నొక్కితే పడే అచ్చులో కుడికి. కుడికి చూసే బొమ్మను ‘ముద్ర నకలు’ అని చెబితే అది అచ్చుకు నకలన్నమాట, దాంతో మట్టి మీద నొక్కితే గుర్తులన్నీ తిరగబడి పడతాయి. వెనక బొడిపె, దానికి చిల్లు ఉన్నాయో లేదో తిప్పి చూసుకునే డబ్బులివ్వండి.