పాత పికప్ హీటరు, అనంతగిరి ఘాటు: చాలాకాలం వాడాక నా మాట

ఈ పాత డీజిల్ పికప్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దాని హీటరు. మైలేజీ గురించి, లోడు లాగడం గురించి అందరికీ తెలుసు, అవి వదిలేస్తున్నా. విశాఖపట్నం ఉక్కలో హీటరు సంగతేంటని అడిగేవాళ్లు చలికాలంలో ఒక్కసారి తెల్లవారకముందే అనంతగిరి ఘాటు దిగి చూడాలి. అరకు 900 మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ కూరగాయల బస్తాలు ఎక్కించుకుని బయల్దేరామా, బయటి చలికీ లోపల మన ఊపిరికీ కలిపి అద్దం లోపలివైపంతా ఆవిరి కమ్మేస్తుంది. నా బండికి ఏసీ లేదు. గుడ్డతో తుడిచినా మలుపు తిరిగేలోగా మళ్లీ అంతే. హీటరు గాలి అద్దం మీదికి తిప్పితే మాత్రం కింది అంచు నుంచి మెల్లగా విడుతూ రోడ్డు కనబడుతుంది. ఆ రోడ్డు మీద అంతకంటే ఏం కావాలి!

అలాంటిది పోయిన సంక్రాంతి ముందు చల్లగాలి కొట్టడం మొదలెట్టింది. గాలి తోసే ఫ్యాను, అదే బ్లోయర్, అన్ని స్పీడుల్లోనూ తిరుగుతోంది, కాబట్టి ఫ్యూజు, మోటారు బాగున్నట్టే. టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటే ఉంది. ఇంజను వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే ఘాటు దిగుతున్నప్పుడు ముల్లు పడిపోవాలి, పడలేదు. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ మట్టమూ తగ్గలేదు.

ఆటోనగర్‌లో మొదటి షెడ్డులో బ్లోయర్ మార్చేయమన్నారు. తిరుగుతున్న బ్లోయర్‌ని ఎందుకు మార్చాలో చెప్పలేదు. రెండో చోట, ఇంజను వేడి నీళ్లు హీటరుకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చే రెండు పైపులూ కలిపేసి బైపాస్ చేసేద్దామన్నారు. "మనూళ్లో హీటరేటి బాబూ?" అని. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. బండి ఎక్కడ తిరుగుతుందో అడక్కుండా ఒక సౌకర్యాన్ని తెగ్గొట్టడం ఏం పద్ధతి?

మూడో చోట పెద్దాయన ఒక మేస్త్రి. ఇంజను వేడెక్కాక ఆ రెండు పైపులూ ఫ్యాను తగలకుండా జాగ్రత్తగా పట్టుకు చూడమన్నాడు. ఒకటి కాలిపోతోంది, రెండోది చల్లగా ఉంది. "రెండూ చల్లగుంటే నీళ్లు తగ్గాయనో, గాలి పట్టిందనో అనుకోవాల. రెండూ వేడిగుంటే లోపల గాలి మళ్లించే తలుపు కేబుల్ జారిందని. ఇది అదీ కాదు, ఇదీ కాదు, కోరు మూసుకుపోయింది" అన్నాడు. మీట తిప్పించి హీటరుకి వేడి నీళ్లు వదిలే వాల్వు పూర్తిగా తెరుచుకుంటోందని కూడా చూశాకే అన్నాడు. హీటర్ కోరంటే డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటరే. దాని గొట్టాలు సన్నం. నాకు ముందు ఈ బండి నడిపినాయన కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేవాడట. ఆ ఉప్పు, తుప్పు అన్నీ వెళ్లి అక్కడ చేరాయి.

ఇంజను చల్లారాక పైపులు విప్పి, నీళ్లు బయటికొచ్చే వైపు నుంచి వెనక్కి పట్టాడు. ధార సన్నగానే ఉంచాడు, జోరుగా కొడితే పాత కోరు పగులుతుందట. టీ డికాషన్ రంగులో బురద వచ్చింది. తేటగా వచ్చేదాకా అలాగే కడిగి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పోసి, బండి ముందు భాగం ఎత్తులో పెట్టించి, హీటరు మీట వేడి వైపే ఉంచి గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజను నడిపించాడు. ఆ చలికాలమంతా అద్దం చక్కగా విడింది.

ఇంకొక మేలు ఎండాకాలంలో తెలిసింది. నిండు లోడుతో ఘాటు ఎక్కుతుంటే ముల్లు పైకి పాకినప్పుడు హీటరు పూర్తిగా తెరిస్తే ఇంజను వేడి కొంత అటు లాగేస్తుంది. క్యాబిన్లో చెమటలు పోస్తాయి, కిటికీలు దించుకోవాలి, కానీ బండి ఆపుకునే చోటుదాకా చేరిపోవచ్చు.

ఈ హీటరుకి ఏ పనీ పెట్టక్కర్లేదని తోటి డ్రైవర్లకు ఇదివరకు గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. బండి ఆగి ఇంజను ఐడిలింగ్‌లో ఉంటే గాలి గోరువెచ్చగానే వస్తుంది. మునుపటి వేడితో పోలిస్తే ఒక పిసరు తక్కువే. ఎండాకాలంలోనూ అప్పుడప్పుడు మీట ఆడించకపోతే వాల్వు బిగుసుకుపోతుంది. కాళ్ల దగ్గర మ్యాటు తడిసినా, తియ్యటి వాసన వచ్చినా కోరు కారుతున్నట్టే. అప్పుడు డ్యాష్‌బోర్డు విప్పాలి, సామాను కంటే కూలీ ఎక్కువ పడుతుంది.

నాది వారం వారం అరకు కిరాయి, కాబట్టి ఆ ఖర్చు వచ్చినా పెట్టుకుంటాను. పోర్టుకీ గాజువాకకీ మధ్యే తిరిగే బండికైతే అంత పెట్టమని చెప్పలేను. కొండ కిరాయిలకని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం బానెట్ ఎత్తి ఆ రెండు పైపులూ హీటరు దాకా వెళ్తున్నాయో, మధ్యలో కలిపేసి ఉన్నాయో చూశాకే బేరం మొదలుపెట్టండి.