సారనాథ్ మ్యూజియం: నాలుగో సింహం ఉండేది ఇక్కడే

రూపాయి బిళ్ళ మీదైనా పాస్‌పోర్టు అట్ట మీదైనా మనకు కనబడేవి మూడు సింహాలే. నాలుగోది కూడా చూడాలంటే వారణాసికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న సారనాథ్ పురావస్తు మ్యూజియానికి వెళ్ళాలి. శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు.

నేరుగా మ్యూజియంలోకి వెళ్ళకండి. ముందు పక్కనే ఉన్న తవ్వకాల ఆవరణ చూడండి. విరిగిపోయిన అశోక స్తంభం మొదలు ఇంకా అక్కడే ఉంది. బౌద్ధ సంఘంలో చీలిక తెచ్చేవాళ్ళకు అశోకుడు చేసిన హెచ్చరిక దాని మీద బ్రాహ్మీ లిపిలో ఉంటుంది. అది చూసి వస్తే, మ్యూజియం హాల్లోని 7 అడుగుల సింహాల శిరస్సు, అంటే ఆ స్తంభం పైభాగం, ఒకప్పుడు ఎక్కడ నిలబడిందో కళ్ళకు కడుతుంది.

1904-05లో ఇక్కడ తవ్వకాలు జరిపించిన ఇంజనీరు ఓర్టెల్ బృందానికి దొరికిన ఈ శిరస్సు మొత్తం ఒకే చునార్ ఇసుకరాయి. క్రీ.పూ. 3వ శతాబ్దపు నునుపు ఈనాటికీ తగ్గలేదు, వెలుతురు పడితే అద్దంలా మెరుస్తుంది. కింది గంట ఆకారానికి కాస్త పైన అడ్డంగా విరిగిన గీత కనిపిస్తుంది, గమనించండి. ఆ గంటే తలకిందులుగా ఉన్న తామర. 1950 జనవరి 26న ఈ శిరస్సును దేశ రాజముద్రగా తీసుకున్నప్పుడు తామరను వదిలేశారు.

ఎక్కువసేపు నిలబడాల్సింది సింహాల కాళ్ళ కింది గుండ్రటి దిమ్మె దగ్గర. ముద్రలో నడుమ చక్రం, మనకు కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం, రెండు చివర్లా చక్రాల అంచులు మాత్రమే ఉంటాయి. ఏనుగు, ఇంకో సింహం రాతి మీదే చూడాలి. ఒక్కో జంతువుకూ మధ్య 24 ఆకుల (చువ్వల) చక్రం. సింహాల నోళ్ళు తెరిచి ఉండడం ఊరికే కాదు: బుద్ధుడి బోధను సింహనాదమంటారు, తొలి బోధ జరిగింది ఈ ఊళ్ళోనే. అసలు ఈ సింహాలు ఒక పెద్ద ధర్మచక్రాన్ని మోసేవి. దాని ముక్కలు మాత్రమే దొరికాయి, 32 ఆకులని లెక్కగట్టారు. బలం మీద ధర్మం కూర్చుందన్న మాట. ముద్రలో ఆ చక్రం లేకపోవడం నాకు పెద్ద లోటే.

ఇంటికి నమూనా కొనాలనుకుంటే ముందు చక్రం ఆకులు లెక్కపెట్టండి. చిన్న అచ్చుల్లో 24 పట్టవు, తగ్గించేస్తారు. సింహాల కింద తామర ఉంటే అది స్తంభశిరస్సు నమూనా. తామర లేకుండా కింద దేవనాగరిలో ‘సత్యమేవ జయతే’ ఉంటే రాజముద్ర. ముద్రను సొంత కారుకో లెటర్‌హెడ్‌కో వాడితే 2005 చట్టం ప్రకారం 2 ఏళ్ళ దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు.