కోనసీమలో ఒక రెసిడెన్షియల్ స్కూల్ హాస్టల్: ఒక్క స్టారే ఇస్తున్నా

మా బాబు రెండేళ్లు ఉన్నాడిక్కడ. చదువు బానే చెప్తారు, భోజనం పర్లేదు. ఈ సంక్రాంతికి ఇంటికొచ్చి, వార్డెన్ రాత్రిళ్లు పిల్లల దగ్గర తప్పుగా ప్రవర్తిస్తున్నాడని వాళ్లమ్మ దగ్గర ఏడ్చాడు, సెలవులవ్వగానే వెళ్లి ప్రిన్సిపాల్ గారిని నిలదీస్తే "బయటికి తెలిస్తే స్కూల్ పరువు పోద్దండి, మేం చూసుకుంటాం" అన్నారు, చూసుకోవడం అంటే ఆ వార్డెన్‌ని ఇంకో బ్రాంచికి పంపెయ్యడం అంట! అక్కడున్నోళ్లు పిల్లలు కారా అండి?

మెట్ల కింద కంప్లైంట్ బాక్స్ ఉంది, దాని తాళంచెవి కూడా ఆ వార్డెన్ తాళాల గుత్తిలోనే ఉండేది. పిల్లల మీద లైంగిక నేరాల్ని అడ్డుకునే 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి, కింద పనిచేసేవాడి నేరం గురించి చెప్పకపోతే సంస్థ నడిపేవాళ్లకి ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. చివరికి మేమే స్టేషన్‌కెళ్లి కేసు పెట్టాం. పిల్లల్ని ఎక్కడ చేర్పించినా ముందు ఆ బాక్స్ తాళం ఎవరి దగ్గరుందో అడగండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్లకి కనపడేలా గోడ మీద ఉందో లేదో చూడండి.

మావాడు ఇప్పుడు ఊళ్లో స్కూలుకే వెళ్తున్నాడు, రాత్రి లైటు ఆపితే ఇంకా నిద్రపోడు.