'అబ్రహం లింకన్: వాంపైర్ హంటర్' బ్లూరే కొంటున్నారా? డిస్క్ అడుగు చూడకుండా డబ్బు కట్టకండి

లింకన్ గొడ్డలి పట్టుకుని రక్తపిశాచాలను వేటాడే ఈ హాలీవుడ్ సినిమా సెకండ్ హ్యాండ్ డిస్కులు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త. కవర్ అసలుదే ఉంటుంది, లోపల మాత్రం ఎవరో కంప్యూటర్‌లో రైట్ చేసిన డిస్క్ పెట్టి అంటగడుతున్నారు. "ఒరిజినలేనండి, ఒక్కసారే చూశాం" అన్న మాట నమ్మి ముందే డబ్బు పంపేయొద్దు.

కవర్ ఫొటోతో సరిపెట్టుకోకుండా, డిస్క్ తిరగేసి వెలుతురులో తీసిన ఫొటో అడగండి. ఫ్యాక్టరీలో ప్రెస్ చేసిన డిస్క్ అడుగు వెండిలా మెరుస్తుంది. ఊదారంగు కొడితే అది మామూలు డీవీడీ-ఆర్, అంటే ఇంట్లో రైట్ చేసుకునే ఖాళీ డీవీడీ. చేతికొచ్చాక లేబుల్ మీద తడి వేలితో రుద్దండి, రంగు అంటుకుందంటే ఇంట్లో ప్రింటర్ మీద వేసిందే. కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి తెరిచినప్పుడు అసలు బ్లూరేలో ఉండే 'బీడీఎంవీ' (BDMV) ఫోల్డర్ లేకుండా ఒంటరిగా ఒక ఎంకేవీ (.mkv) వీడియో ఫైల్ కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

సినిమా ఎలాగూ కనిపిస్తుంది కదా అనుకోకండి. 105 నిమిషాల బొమ్మను బ్లూరే కన్నా చాలా తక్కువ పట్టే 4.7 జీబీ డీవీడీలోకి కుక్కితే ముందు పాడయ్యేది ఇందులోని ఫైట్లే. పరుగెత్తే గుర్రాల మంద మధ్య లింకన్ పోరాడే సీన్ అంతా దుమ్ము. క్లైమాక్స్‌లో మండే వంతెన మీద రైలు, అక్కడంతా పొగ, మంట, చీకటి. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారిపోయే దుమ్మూ పొగా నిలబడాలంటే బిట్‌రేట్, అంటే సెకనుకి వాడే డేటా, బాగా ఉండాలి. అది తగ్గితే తెరంతా గళ్లు గళ్లుగా విరిగిపోయి, గొడ్డలి ఎటు తిరిగిందో కూడా తెలియదు. డైరెక్టర్ తైమూర్ బెక్‌మంబెతోవ్ సినిమా కొనేదే ఆ ఫైట్ల కోసం!

3డి ఎడిషన్‌కి ఎక్కువ రేటు చెబితే ముందు మీ టీవీ సంగతి చూసుకోండి. 3డి టీవీ, దానికి సరిపోయే కళ్లద్దాలు, 3డి బ్లూరే ప్లేయర్, మూడూ ఉండాలి. పీఎస్5 (ప్లేస్టేషన్ 5) గేమ్ కన్సోల్‌లో 3డి బ్లూరే ఆడదు. ఎల్‌జీ, సోనీ 2017లోనే 3డి టీవీలు ఆపేశాయి.

అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు కవర్ వెనక రీజియన్ గుర్తు (డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అక్షరం) ఫొటో తీసి పంపమనండి. అక్కడ రీజియన్ ఎ, మనది సి. ఎ ఒక్కటే ఉన్న డిస్క్ మన ప్లేయర్‌లో ఎర్రర్ చూపిస్తుంది.

పేరు కూడా పూర్తిగా చదవండి. ఈ సినిమా వచ్చిన 2012లోనే 'అబ్రహం లింకన్ వర్సెస్ జాంబీస్' అని నేరుగా వీడియోకి వచ్చిన చిన్న బడ్జెట్ సినిమా ఒకటుంది, స్పీల్‌బర్గ్ 'లింకన్' ఇంకొకటి. మనకు కావాల్సిన దాంట్లో లింకన్‌గా వేసింది బెంజమిన్ వాకర్.

పార్సిల్ సీల్ కత్తిరించడం దగ్గర్నుంచి డిస్క్ అడుగు కనిపించేదాకా కట్ లేకుండా వీడియో తీయండి. షాపు వాపసుకి ఒప్పుకోకపోతే బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.